పది రోజుల సెలవులో మాంట్ బ్లాంక్ చుట్టూ నడక: మొత్తం కాదు, తూర్పు సగం చాలు

ప్రశ్న: మేమిద్దరం భార్యాభర్తలం, హైదరాబాద్‌లో ఉద్యోగాలు. వయసు 41, 38. రోజూ గంట నడుస్తాం. రెండేళ్ల కిందట ఒక గ్రూపుతో హిమాచల్‌లో హంప్టా పాస్ ట్రెక్ చేశాం. వచ్చే జూలైలో ఆల్ప్స్‌లో టూర్ డ్యు మాంట్ బ్లాంక్ మొత్తం, గైడు లేకుండా సొంతంగా నడవాలని ఉంది. ప్రయాణంతో కలిపి మాకున్న సెలవు పది రోజులు. కొండ దిగేటప్పుడు మా ఆవిడకి మోకాళ్లు నొప్పెడతాయి. ఇద్దరం శాకాహారులం, గుడ్డు కూడా తినం. ఫ్లైట్ టికెట్లు ఇప్పుడు చవగ్గా ఉన్నాయి, కొనేయమంటారా? దారి తప్పే ప్రమాదం ఉందా?

సమాధానం: టికెట్లు ఇప్పుడే కొనకండి. ముందు దారిలోని కొండ బసల్లో పడకలు దొరకాలి, ఆ తర్వాతే టికెట్లు. ఎందుకో కింద చెబుతాను. దారి గురించి మాత్రం బెంగ పెట్టుకోవద్దు. జూలైలో ఈ బాట మీద మీ ముందూ వెనకా మనుషులు ఉంటూనే ఉంటారు, మలుపు మలుపుకీ గుర్తులుంటాయి. ఇక్కడికి వచ్చినవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి మూడు: రాత్రికి పడక దొరక్కపోవడం, మధ్యాహ్నపు పిడుగులు, దిగుడు. మీ ఉత్తరంలో మోకాళ్ల సంగతి ఉంది కాబట్టి ప్లాను అంతా దిగుడు చుట్టూనే కట్టుకుందాం.

ముందు మొత్తం చుట్టు సంగతి. ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ మూడింటినీ కలుపుతూ సుమారు 170 కి.మీ. దారి ఇది. ఎక్కేది దాదాపు 10,000 మీటర్లు, దిగేదీ అంతే. మామూలుగా పది పదకొండు రోజులు పడుతుంది. మీకు రానూపోనూ ప్రయాణం పోతే మిగిలేది ఎనిమిది రోజులు. అందులో మొత్తం పూర్తి చేయాలంటే రెండు రోజుల దూరాన్ని ఒక్కరోజులో, అదీ మూడు నాలుగు సార్లు నడవాలి. వాన పడితే ఆగడానికి ఒక్క రోజు కూడా మిగలదు. మోకాళ్లు బాగున్నవాళ్లకే ఇది శిక్ష. అందుకే తూర్పు సగం నడవండి: ఇటలీలోని కూర్మాయర్‌లో మొదలుపెట్టి, స్విట్జర్లాండ్ మీదుగా, ఫ్రాన్స్‌లోని షమోనీ లోయకు చేరడం. ఈ సగంలో దాదాపు ప్రతి రోజూ ఎక్కడో ఒకచోట బస్సో, కేబుల్ కారో అందుతుంది. కాలు బెణికినా, వాన ముంచెత్తినా లోయలోకి దిగిపోయే దారి ఉంటుంది. పడమటి సగంలో కోల్ డ్యు బొనోమ్, కోల్ ద లా సేన్య్ కనుమల దగ్గర ఆ వెసులుబాటు బాగా తక్కువ.

రోజుల లెక్క ఇలా వేసుకోండి. మొదటి రోజు జెనీవాలో దిగి, వ్యానులోనో బస్సులోనో షమోనీ. గంటన్నర లోపు ప్రయాణం. రెండో రోజు తేలికగా తిరిగి, సాయంత్రం బస్సులో కూర్మాయర్. మాంట్ బ్లాంక్ సొరంగం 11.6 కి.మీ., ప్రయాణం ముప్పావు గంట. ఈ బస్సుకు సీటు ముందే బుక్ చేయండి. మూడో రోజు కూర్మాయర్ నుంచి బొనాటీ అనే కొండ బస. నాలుగో రోజు గ్రాన్ కోల్ ఫెర్రే కనుమ దాటి స్విట్జర్లాండ్‌లో లా ఫూలీ. ఐదో రోజు షాంపే, ఆరో రోజు ట్రియాన్, ఏడో రోజు కోల్ ద బామ్ దాటి మళ్లీ ఫ్రాన్స్‌లో ట్రే ల షాం. ఎనిమిదో రోజు మాంట్ బ్లాంక్‌కు ఎదురుగా ఉన్న కొండవాలు మీద లా ఫ్లెజేర్ దాకా నడిచి, అక్కడి నుంచి షమోనీకి. తొమ్మిదో రోజు ఖాళీ. దాన్ని ఏ పరిస్థితిలోనూ నింపవద్దు. పదో రోజు విమానం.

ఇక నడక సమయం. మన అలవాటు కిలోమీటర్లు చూసి, గంటకు ఐదు చొప్పున భాగించడం. కొండల్లో ఆ లెక్క పనికిరాదు. జర్మనీ వైపు వాడే పద్ధతి ఇది: అడ్డదూరానికి గంటకు 4 కి.మీ., ఎక్కుడుకు గంటకు 300 మీటర్లు, దిగుడుకు గంటకు 500 మీటర్లు. దూరానికి పట్టే గంటలు ఒకవైపు, ఎత్తుపల్లాలకు పట్టేవి మరోవైపు రాసుకోండి. రెండిట్లో పెద్దదాన్ని పూర్తిగా, చిన్నదాంట్లో సగాన్ని తీసుకుని కలపండి. కూర్మాయర్ నుంచి బొనాటీకి సుమారు 12 కి.మీ., ఎక్కుడు 860 మీటర్లు. దూరానికి 3 గంటలు, ఎక్కుడుకు దాదాపు 2.9. మూడుకు ఒకటిన్నర కలిపితే నాలుగున్నర గంటలు. ఇందులో విశ్రాంతి లేదు. తిండికీ ఫొటోలకూ మరో గంటన్నర వేసుకోండి. స్విట్జర్లాండ్‌లో పసుపు బోర్డుల మీద రాసే సమయాల్లో కూడా విశ్రాంతి కలపరు.

ఇదే లెక్క నాలుగో రోజుకు వేస్తే అసలు ఇబ్బంది కనబడుతుంది. బొనాటీ (2,025 మీ.) నుంచి బాట ముందు లోయలోని అర్నూవా (1,769 మీ.) దాకా దిగి, అక్కడి నుంచి కనుమ (2,537 మీ.) ఎక్కి, అవతల లా ఫూలీ (సుమారు 1,600 మీ.) దాకా దిగుతుంది. మొత్తం సుమారు 20 కి.మీ., ఎక్కుడు 900, దిగుడు 1,300 మీటర్ల దాకా. లెక్క ప్రకారం ఎనిమిది గంటలు, విశ్రాంతితో తొమ్మిది దాటుతుంది. ఆ 1,300 మీటర్ల దిగుడే మీ శ్రీమతికి ఈ యాత్రలో అన్నిటికన్నా కష్టమైన పని.

దాన్ని రెండు చోట్ల తగ్గించవచ్చు. ఒకటి, మూడో రోజు బొనాటీలో పడుకోకుండా అక్కడ భోజనం చేసి, లోయలోని లవషే దాకా దిగి, బస్సులో కూర్మాయర్ వెనక్కి వచ్చేయండి. మర్నాడు పొద్దున్నే బస్సులో అర్నూవా వెళ్లి అక్కడి నుంచి నడక మొదలుపెట్టండి. దిగుడును రెండు రోజులకు పంచినట్టు అవుతుంది, నాలుగో రోజు ఆరు గంటల నడకకు తగ్గుతుంది. పెద్ద సంచి కూర్మాయర్ గదిలోనే ఉంటుంది కాబట్టి మూడో రోజంతా వీపు మీద బరువూ ఉండదు. రెండోది, కనుమ అవతల లా ఫూలీ దాకా కాళ్లీడ్చుకుంటూ నడవనక్కర్లేదు. ముందు వచ్చే ఫెర్రే అనే చిన్న పల్లెకు వేసవిలో బస్సు వస్తుంది. ఈ బస్సులన్నీ వేసవి టైంటేబుల్ మీద నడుస్తాయి, చివరి బస్సు సాయంత్రం తొందరగానే వెళ్లిపోతుంది. ఆ ఏడాది టైంటేబుల్ డౌన్‌లోడ్ చేసి ఫోనులో పెట్టుకోండి. బొనాటీలో రాత్రి గడపడం అందమైన అనుభవమే, కాదనను. ఎదురుగా గ్రాండ్ జొరాస్ పర్వతం గోడలా నిలబడి ఉంటుంది. కానీ మోకాళ్లా, ఆ రాత్రా అంటే నేను మోకాళ్ల వైపే ఉంటాను.

మిగతా రోజులు తేలికే. లా ఫూలీ నుంచి షాంపే దాకా పల్లెల మధ్య నడక. చివర ఇస్సేర్ దగ్గర నుంచి 400 మీటర్ల ఎక్కుడు ఒక్కటే ఉంటుంది, అలిసిపోతే బస్సు ఉంది. షాంపే నుంచి ట్రియాన్‌కు రెండు దారులు. బోవీన్ పచ్చికల మీదుగా వెళ్లేది సుమారు 2,040 మీటర్ల దాకా ఎక్కుతుంది. ఫెనెత్ర్ దార్పెత్ అనే ఎత్తైన దారి 2,665 మీటర్లు. దీని గొప్పలు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. పెద్ద పెద్ద బండరాళ్ల మీద నుంచి ఎక్కి, అవతల నిట్రంగా 1,300 మీటర్లకు పైగా దిగాలి. మీకు వద్దు. బోవీన్ దారిలోనే వెళ్లి, వీలైతే ట్రియాన్ దాకా దిగకుండా ఫోర్క్లాజ్ కనుమ దగ్గరే (1,526 మీ.) బస చూసుకోండి. ఆ సాయంత్రానికి రెండువందల మీటర్ల దిగుడు తప్పుతుంది. ఏడో రోజు కోల్ ద బామ్ (2,191 మీ.) దాటాక లె టూర్ వైపు కేబుల్ కారు ఉంది, అది ఆ వేసవిలో నడుస్తోందో లేదో ముందే చూసుకోండి. ఎనిమిదో రోజు ట్రే ల షాం నుంచి నేరుగా వెళ్లే బాటలో రాతికి బిగించిన ఇనుప నిచ్చెనలు ఉంటాయి. కింద లోయ కనబడుతుంటుంది. ఎత్తంటే కళ్లు తిరిగేవాళ్లు, తడిరోజున ఎవరైనా సరే, కోల్ దె మోంతే మీదుగా చుట్టూ తిరిగే బాటలో వెళ్లాలి. లా ఫ్లెజేర్ నుంచి కిందికి నడిస్తే 800 మీటర్ల దిగుడు. అక్కడా కేబుల్ కారు నడిచే తేదీలు, ఆఖరి ట్రిప్పు సమయం చూసి పెట్టుకోవాలి.

టికెట్ల మాటకు వద్దాం. కొండ బసల్లో, వాటినే అక్కడ రెఫ్యూజ్ అంటారు, వచ్చే వేసవి పడకలకు బుకింగులు చాలాచోట్ల ముందు ఏడాది అక్టోబరు నుంచి జనవరి మధ్య తెరుస్తారు. పేరున్నవి రోజుల్లో నిండిపోతాయి. బొనాటీ లాంటి చోట పడక దొరికే తేదీని బట్టే మిగతా రాత్రులన్నీ కుదురుతాయి. నాన్‌రిఫండబుల్ టికెట్టు ముందే కొంటే ఆ తేదీలకు బందీలైపోతారు. మధ్యలో ఒక్క రాత్రికి పడక దొరక్కపోయినా ప్లాను తెగిపోతుంది. గుడారం వేసుకుందామన్నా కుదరదు, ఇటలీ, స్విట్జర్లాండ్ భాగాల్లో ఇష్టమొచ్చిన చోట వేయనివ్వరు. కాబట్టి వరుస ఇది: రెండు మూడు తేదీల సెట్లు అనుకోండి, కష్టమైన పడకలు ముందు, లోయల్లో హోటళ్లు తర్వాత, ఆపై టికెట్లు, చివర వీసా.

తేదీలు జూలై రెండో వారం నుంచి పెట్టుకోండి. జూన్ చివర, కొన్నేళ్లు జూలై మొదట్లో కూడా కనుమల మీద గట్టి మంచు ఉంటుంది. పొద్దున్నే అది గాజులా జారుతుంది. ఆగస్టు చివరి వారం వద్దు, అప్పుడు ఇదే దారిలో పెద్ద పరుగు పందెం జరుగుతుంది, షమోనీలో గది దొరకదు. సెప్టెంబరు ప్రశాంతంగా ఉంటుంది గానీ, ఈ మధ్య ఏళ్లలో మాంట్ బ్లాంక్ సొరంగాన్ని శరత్కాలంలో మరమ్మతులకు వారాల తరబడి మూసేస్తున్నారు. కూర్మాయర్ వెళ్లే దారే మారిపోతుంది.

వీసా విషయంలో ఈ దారికి ఒక మెలిక ఉంది. మూడు దేశాలూ షెంగెన్‌లోవే, ఒక్క వీసా చాలు. కానీ ఏ దేశానికి అప్లై చేయాలన్నది మీరు దిగే విమానాశ్రయాన్ని బట్టి కాదు, ఎక్కువ రాత్రులు ఎక్కడ గడుపుతారో దాన్ని బట్టి. జెనీవాలో దిగుతున్నాం కదా అని స్విట్జర్లాండ్‌కు పెట్టడం చాలామంది చేసే పొరపాటు. పై ప్లానులో ఫ్రాన్స్ 4, స్విట్జర్లాండ్ 3, ఇటలీ 2 రాత్రులు, కాబట్టి ఫ్రాన్స్. మూడో రాత్రి బొనాటీలోనైనా కూర్మాయర్‌లోనైనా ఇటలీయే, లెక్క మారదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయవచ్చు. హైదరాబాద్‌లో వేసవి అపాయింట్‌మెంట్లు త్వరగా అయిపోతాయి, ఏప్రిల్ దాటనివ్వకండి. ప్రతి రాత్రికీ బుకింగ్ కాగితం జత చేయండి. వీసాకు 30,000 యూరోల ఇన్సూరెన్స్ తప్పనిసరి. అయితే వీసాకు సరిపోయే పాలసీ కొండకు సరిపోతుందని అనుకోవద్దు. ట్రెకింగ్ కవర్ అవుతుందా, ఎంత ఎత్తు దాకా, హెలికాప్టర్ రెస్క్యూ ఉందా అన్న మూడు ప్రశ్నలకూ కంపెనీ నుంచి ఈమెయిల్లో జవాబు తీసుకోండి. ఫ్రాన్స్ వైపు కొండల్లో ప్రభుత్వ రెస్క్యూకు సాధారణంగా డబ్బు అడగరు. స్విట్జర్లాండ్‌లో హెలికాప్టర్ బిల్లు మీ పేరు మీదే వస్తుంది. మూడు దేశాల్లోనూ 112 పనిచేస్తుంది.

తిండి. బసల్లో పడక, రాత్రి భోజనం, పొద్దున టిఫిను కలిపి ఒక ధర, డెమి పాన్సియోన్ అంటారు. మనిషికి 60 నుంచి 100 యూరోల దాకా ఉండొచ్చు. భోజనం సుమారు ఏడింటికి, అందరికీ ఒకటే. శాకాహారం కావాలని బుక్ చేసేటప్పుడే రాయాలి, మళ్లీ రెండు రోజుల ముందు మెయిల్ చేయాలి. అక్కడ శాకాహారికి చప్పున పెట్టేది ఆమ్లెట్. కాబట్టి ‘వెజిటేరియన్’ అని వదిలేయకుండా మాంసం, చేప, గుడ్డు మూడూ వద్దు, పాలు, చీజ్ పర్వాలేదు అని విడిగా రాయండి. సూపు మాంసం నీళ్లతో చేసి ఉండొచ్చు, వడ్డించే ముందు అడగండి. పొద్దున బ్రెడ్డు, జామ్, కాఫీ తప్ప పెద్దగా ఆశించవద్దు. మధ్యాహ్నానికి కట్టిచ్చే ప్యాకెట్ కావాలంటే ముందు రాత్రే చెప్పాలి. ఇంటి నుంచి కందిపొడి, కరివేపాకు పొడి, పల్లీ చిక్కీలు, వేయించిన అటుకులు తీసుకెళ్లండి. ఉడికించిన బంగాళాదుంప మీద కందిపొడి చల్లుకుంటే సగం బెంగ తీరుతుంది. పాలకోవా, పన్నీరు, నెయ్యి లాంటి పాల పదార్థాలు, మాంసం పచ్చళ్లు, పచ్చి కరివేపాకు సంచిలో పెట్టకండి, బయటి దేశాల నుంచి వాటిని రానివ్వరు. బసల్లో వంట చేసుకోనివ్వరు.

బసలో బూట్లు గుమ్మం దగ్గరే విప్పాలి. దుప్పటి ఇస్తారు గానీ దాని లోపల వేసుకునే పల్చటి స్లీపింగ్ బ్యాగ్ లైనర్ మీదే అయి ఉండాలి. స్నానానికి కొన్నిచోట్ల టోకెన్ కొనాలి, వేడినీళ్లు కొన్ని నిమిషాలే వస్తాయి. నగదు ఉంచుకోండి: ఇద్దరికీ కలిపి 300 యూరోలు, 150 స్విస్ ఫ్రాంకులు. ఏ రోజైనా రాలేకపోతే బసకు ఫోను చేసి చెప్పి తీరాలి. మీరు రాలేదని వాళ్లు రెస్క్యూకు కబురు పెట్టే అవకాశం ఉంది.

వీపు సంచి నీళ్లతో కలిపి 7, 8 కిలోలు దాటకూడదు. పెద్ద బ్యాగును ఊరి నుంచి ఊరికి చేరవేసే సర్వీసులు ఉన్నాయి, మామూలుగా 15 కిలోల లోపు. మీరు లోయల్లోనే ఎక్కువ పడుకుంటారు కాబట్టి మీకు బాగా పనికొస్తాయి. మోకాళ్ల కోసం ఈ డబ్బు ఖర్చు పెట్టండి. బట్టల్లో జీన్సు, కాటన్ టీషర్టులు వద్దు. తడిస్తే ఆరవు, కనుమ మీద గాలికి వణుకు పుడుతుంది. జూలైలోనే పొద్దున అక్కడ 5 డిగ్రీలు ఉండొచ్చు. వాన జాకెట్, ఒక ఫ్లీస్, పల్చటి చేతి తొడుగులు, టోపీ తప్పనిసరి. బూట్లు కొత్తవైతే బయల్దేరే లోపు కనీసం 80 కి.మీ. నడిచి ఉండాలి. దిగుడులో పాదం ముందుకు జారి బొటనవేలు బూటు కొనకు తగులుతుంది, రెండు రోజుల్లో గోరు నల్లబడుతుంది. గోళ్లు పొట్టిగా కత్తిరించుకోండి. దిగే ముందు ఆగి, మడమను వెనక్కి తన్ని, చీలమండ దగ్గర లేసు బిగించి కట్టండి. కింద పాదం మీద మాత్రం వదులుగా ఉండాలి. ట్రెకింగ్ కర్రలు ఇద్దరికీ రెండేసి కావాలి. దిగేటప్పుడు వాటిని 5 నుంచి 10 సెంటీమీటర్లు పొడవు పెంచి, అడుగు కన్నా ముందు కర్ర ఆనేలా నడవాలి. విమానంలో వాటిని చెకిన్ సామానులో పెట్టండి.

అభ్యాసం ఇప్పుడే మొదలెట్టండి. రోజూ గంట నడక ఎక్కడానికి ఊపిరినిస్తుంది గానీ దిగడానికి తొడలను సిద్ధం చేయదు. వారానికి మూడుసార్లు ఆరు కిలోల సంచితో అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కి, లిఫ్టులో కాకుండా మెట్ల మీదే దిగండి. తిరుపతి వెళ్తే అలిపిరి నుంచి సుమారు 3,550 మెట్లు, 9 కి.మీ., ఎత్తు 600 మీటర్లకు పైగా. చాలామంది ఎక్కి బస్సులో దిగుతారు. మీరు దర్శనం అయ్యాక, విశ్రాంతి తీసుకుని, మర్నాడు నడిచే దిగండి. ఆ మర్నాడు మీ శ్రీమతి మోకాళ్లు ఎలా ఉన్నాయో చూస్తే ఏ రోజున కేబుల్ కారు వాడాలో తెలిసిపోతుంది. వాపు వస్తే బుకింగుల కన్నా ముందు ఆర్థోపెడిక్ డాక్టరును కలవండి.

దారిలో ఒకటి రెండు జాగ్రత్తలు. ఉదయం ఏడున్నరకల్లా కదిలి, కనుమను మధ్యాహ్నంలోపు దాటేయాలి. పిడుగులు ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే. ఉరుము వినబడితే కొండ అంచు మీద, ఒంటరి చెట్టు కింద ఆగవద్దు, కర్రలు పక్కన పడేసి దిగిపోవాలి. గ్రాన్ కోల్ ఫెర్రే రోజున ఉదయమే వాతావరణం చెడితే నడక మానేయండి. కూర్మాయర్ నుంచి సొరంగం బస్సులో షమోనీ, అక్కడి నుంచి రైల్లో మార్టినీ, మరో రైల్లో ఓర్సియేర్, ఆపై బస్సులో లా ఫూలీ చేరవచ్చు. రోజంతా పడుతుంది గానీ రాత్రి పడక పోదు. గొర్రెల మందల దగ్గర తెల్లటి పెద్ద కాపలా కుక్కలు మొరుగుతూ మీదికొస్తాయి. పరిగెత్తకుండా, కర్ర ఎత్తకుండా, మందకు దూరంగా చుట్టూ తిరిగి వెళ్లండి.

ఫోనుకు యూరప్ ఈసిమ్ కొనేటప్పుడు దేశాల జాబితాలో స్విట్జర్లాండ్ ఉందో లేదో చూడండి. అది యూరోపియన్ యూనియన్‌లో లేదు, కొన్ని ప్యాకులు దాన్ని వదిలేస్తాయి. అలాంటి సిమ్ కనుమ దాటగానే పనిచేయడం మానేస్తుంది, సరిగ్గా బస్సు టైము చూసుకోవాల్సిన చోట. దారి మ్యాపును నెట్ లేకుండా తెరుచుకునేలా ఇద్దరి ఫోన్లలోనూ పెట్టి, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఒకసారి తెరిచి చూసుకుని బయల్దేరండి.